బొమ్మను దిద్దొచ్చు, సాక్ష్యాన్ని దిద్దొద్దు

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినం సందర్భంగ జరిగిన ఫొటోగ్రాఫర్ల సమావేశంల చేసిన ప్రసంగ పాఠం)

1839 ఆగస్టు 19 నాడు ఫ్రాన్స్ ప్రభుత్వం డాగెర్ కనిపెట్టిన పద్ధతిని లోకానికి బయటపెట్టింది. ఆ యాదిల ఈ దినం జరుపుకుంటున్నం. దండ వేసుడు, శాలువా కప్పుడు, గ్రూపు ఫొటో దిగి ఇండ్లకు పోవుడు ఏటా ఉండేదే. ఈసారి మన భుజానికున్న సంచి గురించి, మన అప్పుల గురించి, కంప్యూటర్ ముంగట కూసోని మనం చేసే దిద్దుబాటు గురించి మాట్లాడుకుందాం. ఈ మూడింటికి తెలంగాణ ఉద్యమ చరిత్రతోని సంబంధం ఉన్నది. అదేందో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డం.

మొదలు మన బతుకు సంగతి. ఫొటోగ్రాఫర్ అంటే మెడల కెమెరా ఏసుకొని దర్జాగ తిరిగెటోడని లోకం అనుకుంటది. లగ్గాల సీజన్ల తెల్లారంగ పోయి అర్ధరాత్రి దాక నిలబడే కాళ్ళ నొప్పి లోకానికి తెల్వదు. మూఢం వచ్చిందంటే స్టూడియోకు తాళమే. సీజన్ల వచ్చిన నాలుగు పైసలు కిరాయికి, కరెంటు బిల్లుకు, కెమెరా కిస్తులకు సరిపోతయి. పత్రికకు ఫొటోలు పంపే కంట్రిబ్యూటర్ సంగతి ఇంకా అధ్వాన్నం. కెమెరా ఆయనదే, బండి ఆయనదే, పెట్రోలు ఆయనదే. లాఠీ దెబ్బ కూడా ఆయనదే. పేరు మాత్రం ఒక్కోసారి అచ్చుల ఉండదు. అడ్డికి పావుశేరు లెక్క మన కష్టం అమ్ముడుపోతాంది.

ఇగ సామాన్ల సంగతి. మన పెద్దలు యాషికా మ్యాట్ కెమెరాతోని బతికిన్రు. 120 రీలుకు 12 ఫొటోలే. పన్నెండంటే పన్నెండే. అందుకే బటన్ నొక్కే ముందు ఆలోచించెటోళ్ళు. తర్వాత 35 ఎంఎం వచ్చింది, 36 ఫొటోలైనయి. పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం2 అసొంటివి చేతికొస్తే అదే పెద్ద సంబురం. చీకటి గదిల ఎర్ర బుగ్గ కింద డెవలపర్ల, ఫిక్సర్ల చేతులు నాననిచ్చి, సన్న పెన్సిల్‌తోని నెగటివ్ మీద టచింగ్ చేసెటోళ్ళు. అంటే దిద్దుబాటు ఫొటోషాప్‌తోని పుట్టింది కాదు. ఫొటోషాప్ 1990ల వచ్చింది. పెన్సిల్ టచింగ్ దానికి తాత.

2000 దాటినంక డిజిటల్ వచ్చింది. రీలు కడిగెటోళ్ళ పని పోయింది. ల్యాబుల ప్రింటు తీసెటోళ్ళు, డార్క్ రూముల పనిచేసెటోళ్ళు తొవ్వ మార్చుకున్నరు. తర్వాత సెల్‌ఫోన్ వచ్చి పాస్‌పోర్టు ఫొటో గిరాకీని, పుట్టినరోజు గిరాకీని మింగింది. ఎంసెట్ ఫారాలకు, ఉద్యోగాల దరఖాస్తులకు స్టూడియోల ముంగట వరుస కట్టిన కాలం ఇక్కడున్న విద్యార్థులకు తెల్వకపోవచ్చు. ఇప్పుడు మిర్రర్‌లెస్ కెమెరాలొచ్చినయి. పాత లెన్సులు అడాప్టర్ లేంది వాటికి పట్టవు. మళ్ళ కొత్తది కొనాలె, మళ్ళ అప్పు జెయ్యాలె. కంపెనీ మోడల్ మార్చినప్పుడల్లా మనం ఉరికితే చివరికి మిగిలేది కిస్తీ కార్డే.

దీనికి తరుణోపాయం మన దోస్తానల్నే ఉన్నది. ఒకడి దగ్గర పొడుగు లెన్సు ఉంటే, ఇంకొకడి దగ్గర మంచి ఫ్లాష్ ఉంటది. ఒకడు లైటింగ్ల దిట్టయితే, ఇంకొకడు ఎడిటింగ్ల దిట్ట. ఉద్యమ కాలంల గట్లనే గడిచింది. ఒక్క లెన్సు నలుగురి చేతుల తిరిగింది. బాష్పవాయువు గోళాలు పడ్డప్పుడు పోటీ పత్రికలోడే తడి దస్తీ అందిచ్చిండు. ఆ పొత్తును ఇప్పుడు పద్ధతిగ పెట్టుకోవాలె. తీరొక్క లెన్సు ప్రతి ఒక్కరు కొనుడు కంటే మండలానికొక ఉమ్మడి సామాను పెట్టుకొని వాడుకుంటే అప్పు సగం తగ్గుతది. వానకాలంల లెన్సులకు బూజు పడుతది. మూత బిగుతుగుండే డబ్బాల సిలికా జెల్ పొట్లాలు పెట్టి దాచుకుంటే వేల రూపాయల లెన్సు బతుకుతది. పైస ఖర్చు లేని తెలివి ఇదే.

ఇప్పుడు దిద్దుబాటు దగ్గరికి వద్దాం. రా ఫైలు, జేపెగ్ అని రెండు మాటలు రోజూ అంటం. జేపెగ్‌ల ఒక్కో రంగుకు 256 మెట్లుంటయి. 14 బిట్ల రా ఫైల్ల 16,384 మెట్లుంటయి. లగ్గం పందిట్ల పసుపు బుగ్గలు, ఊదా రంగు ఎల్ఈడీలు కలిసి మొఖాలను ఖరాబు చేసినా రా ఫైలు నుంచి అసలు రంగు తీయొచ్చు. అసలు రంగు అనే మాట జర గుర్తు పెట్టుకోండ్రి.

ఎందుకంటే స్టూడియోలల్ల ఒక అలవాటు పాతుకపోయింది. పెండ్లి పిల్ల నల్లగుంటే తెల్లగ చేసుడు. గిరాకీ అడుగుతున్నరని అంటరు. అడుగుతున్నది నిజమే. కానీ ఒక్క మాట ఆలోచించాలె. మన యాసను సినిమాలల్ల విలన్లకు, జోకర్లకు పెట్టిన్రని కొట్లాడినం. మన తిండిని, మన పండుగను, మన మాటను తక్కువ చేసి చూస్తే ఊకోలేదు. మరి ఎండల నాటేసి, కలుపు తీసి పిల్లను సాదిన తల్లి మొఖం రంగును మన మౌస్‌తోని మనమే తుడిసేస్తే ఆ ఆత్మగౌరవం ఏమాయె? మొటిమ తీయుండ్రి, నీడ తగ్గించుండ్రి, చెమట మెరుపు తుడువుండ్రి. రంగు మాత్రం మార్చకుండ్రి. అమ్మకు నచ్చజెప్పుండ్రి. చామనఛాయకు సరిగ్గ లైటు పెట్టి తీస్తే ఎంత సక్కగుంటదో ఆల్బమ్‌ల చూపెట్టుండ్రి. గిరాకీకి రుచి నేర్పుడు కూడా మన పనే.

లగ్గం ఫొటో ఇంట్ల వాళ్ళ సంతోషం. వార్త ఫొటో ప్రజల సాక్ష్యం. రెండింటికి ఒక్క తీరు దిద్దుబాటు నడువది. వార్త ఫొటోకు వెలుతురు సరిచేయొచ్చు, రంగు సరిచేయొచ్చు, అర్థం మారకుండ అంచులు కత్తిరించొచ్చు. లేనిదాన్ని తెచ్చి పెట్టొద్దు, ఉన్నదాన్ని తీసేయొద్దు. 2003ల ఇరాక్ యుద్ధంల లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఫొటోగ్రాఫర్ బ్రయాన్ వాల్‌స్కీ రెండు ఫొటోలను కలిపి ఒక్కటి చేసిండు. నౌకరి పోయింది. 2006ల బీరుట్ మీద బాంబులు పడ్డప్పుడు ఫ్రీలాన్సర్ అద్నాన్ హజ్ పొగను ఇంకింత దట్టం చేసిండు. రాయిటర్స్ సంస్థ ఆయనతోని తెగదెంపులు చేసుకొని, ఆయన ఫొటోలన్నిటిని అమ్మకం నుంచి తీసేసింది. సూడుండ్రి, ఇరాక్‌ల యుద్ధం నిజమే. బీరుట్‌ల పొగ నిజమే. అబద్ధం కలిపేసరికి నిజం కూడా అనుమానం పాలైంది.

ఉద్యమానికి ఇది ప్రాణం లాంటి పాఠం. 2011 మార్చి 10 నాడు మిలియన్ మార్చ్‌కు ట్యాంక్‌బండ్ మీదికి జనం ఎట్ల వచ్చిన్రో మన కెమెరాలు చూసినయి. సెప్టెంబర్ 13 నుంచి 42 దినాలు సకల జనుల సమ్మెల బొగ్గు బావులు, బస్సు డిపోలు, బడులు, కచ్చీర్లు ఎట్ల బందయినయో మన కెమెరాలు చూసినయి. 2012 సెప్టెంబర్ 30 నాడు సాగరహారం చూసినయి. ఇదంతా ఉత్తదే, నలుగురు నాయకుల లొల్లి అని ప్రచారం చేసినోళ్ళున్నరు. వాళ్ళ నోరు మూయించింది ఫొటోలే. ఆ ఫొటోలల్ల ఒక్కదాంట్ల మందిని అతికించి ఉంటే, వెయ్యి నిజం ఫొటోలు ఒక్క దెబ్బకు కొట్టుకపోయేవి. మంది తక్కువొచ్చిన నాడు తక్కువనే చూపెట్టాలె. అప్పుడే ఎక్కువొచ్చిన నాడు లోకం నమ్ముతది.

2014 జూన్ 2 నాడు రాష్ట్రం వచ్చింది. వచ్చినంక ఇంకో తమాష మొదలైంది. ఉద్యమంల ఎన్నడు కనపడని మొఖాలు ఫ్లెక్సీలల్ల ముందు వరుసల నిలబడుతున్నయి. నిజంగ దెబ్బలు తిన్న పిల్లలు అంచుల నుంచి కత్తిరించబడుతున్నరు. ఇప్పుడైతే కృత్రిమ మేధ వచ్చింది. నాలుగు మాటలు టైపు చేస్తే ఎన్నడు జరగని సభకు ఫొటో తయారైతది. రేపు ఒకడు ఆ బొమ్మ పట్టుకొని అదే చరిత్ర అంటే మనం ఏం చూపెట్టి కాదంటం? అసలు ఫైలు చూపెట్టాలె. నెగటివ్ చూపెట్టాలె. తీసిన తారీఖు, తావు చూపెట్టాలె. అవి లేకపోతే మన మాటకు, వాని బొమ్మకు తేడా ఉండదు.

అసలును కాపాడుకునుడు ఎంత పెద్ద సంగతో లాలా దీన్‌దయాళ్ కథ చెప్తది. మీరట్ దగ్గరి సర్ధనాల పుట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువుల ఫొటోగ్రాఫర్ అయిండు. 1905ల చనిపోయిండు. ఆయన తీసిన గాజు పలకల నెగటివ్‌లు 2,800కు పైగ ఇయ్యాల ఢిల్లీల ఇందిరాగాంధీ జాతీయ కళల కేంద్రంల ఉన్నయి. నూరేండ్లు దాటినా ఆ గాజు పలకలు మాట్లాడుతున్నయి. మనం 2009ల రాసిపెట్టిన సీడీలు ఎన్ని తెరుచుకుంటున్నయి? వేడికి, తేమకు సీడీ పొర చెడిపోతది. హార్డ్ డిస్కు చెప్పకుండ చచ్చిపోతది. నిజాం దర్బారు భద్రంగుండి, 2009 డిసెంబర్ రాత్రుల ఉస్మానియా విద్యార్థి మొఖం మాయమైతే, అది చరిత్రకు జరిగే అన్యాయం. 1969 అమరులకు గన్‌పార్కుల స్తూపమున్నది. వాళ్ళల్ల ఎంతమంది మొఖాలు ఇప్పటి పిల్లలకు తెలుసు?

వరంగల్ బిడ్డ భరత్ భూషణ్‌ను తలుసుకోవాలె. బతుకమ్మను, ఊరి తలుపులను, ముసలవ్వల మొఖాలను ఆయన తీసినప్పుడు వాటిని అందమనెటోళ్ళు తక్కువ. రోగంతోని కొట్లాడుకుంట కూడా కెమెరా ఇడువలేదు. 2022ల మనల్ని ఇడిసిపోయిండు. ఆయన దారిల నడువాలంటే దండ సరిపోదు, పని జెయ్యాలె.

ఆ పని ఏందో సూటిగ చెప్తం. ఒకటి, ఉద్యమ ఫొటోలు అసలు ఫైళ్ళను మూడు తావుల పెట్టాలె. అండ్ల ఒకటి వేరే ఊర్ల ఉండాలె. రెండు, అసలును ముట్టుకోవద్దు. దిద్దాలంటే నకలు తీసి దిద్దాలె. మూడు, ఫొటోకు తారీఖు, ఊరు, మనుషుల పేర్లు రాయాలె. గుర్తుపట్టే పెద్దలు బతికుండంగనే రాయాలె. నాలుగు, వాట్సాప్‌ల మామూలుగ పంపితే ఫొటో చిన్నగైతది, కెమెరా రాసిన వివరాలు పోతయి. డాక్యుమెంటు లెక్క పంపాలె.

ఐదోది హక్కు సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, పైసలిచ్చి తీయించుకున్న ఫొటో మీద హక్కు తీయించుకున్నోళ్ళది. పత్రికల కొలువు చేస్తూ తీసిన ఫొటోను పత్రికలల్ల అచ్చేసుకునే హక్కు యజమానిది, మిగిలిన హక్కు తీసినోనిది. మరి నియామక పత్రం ఇయ్యని యజమాని, కంట్రిబ్యూటర్ మా ఉద్యోగే కాదనే యజమాని, ఫొటో మీద హక్కు మాత్రం ఎట్ల అడుగుతడు? ఉద్యోగి అయితే జీతమియ్యాలె, కాకపోతే హక్కు ఒప్పుకోవాలె. రెండూ ఎగ్గొడుతా అంటే నడువది. ఒప్పందం కాగితం మీద రాయించుకోండ్రి. ఫొటో కింద పేరు అడగండ్రి.

సర్కారుకు కూడా ఒక మాట. తార్నాకల రాష్ట్ర ఆర్కైవ్స్‌ల నిజాం కాలపు కాగితాలున్నయి. ప్రజలు తమ రక్తంతోని రాసిన ఉద్యమానికి, దాన్ని తీసిన ఫొటోలకు అసొంటి గౌరవం, అసొంటి చల్లని గది కావాలె. ఫొటోగ్రాఫర్ పేరు చెరపకుండ, హక్కు గుంజుకోకుండ దాచాలె.

విద్యార్థి మిత్రులారా, స్కానింగ్‌కు, పేర్లు రాసుడుకు మీ చేతులు కావాలె. ఉద్యోగ మిత్రులారా, సమ్మె శిబిరాలల్ల మీ సంఘాలు తీయించిన ఫొటోలు బీరువాలల్ల ఉన్నయి. వాటిని దులిపి బయటికి తీయుండ్రి. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రానికి సాక్ష్యం కూడా మనమే కాపాడుకోవాలె. ఇంకొకడు రాసిచ్చే చరిత్ర కోసం ఎదురుచూస్తే, అండ్ల మనం ఉండం.

జై తెలంగాణ!