నలభైలో డిగ్రీ: కొలువుకు పనికొస్తుందా?

పెళ్లితోనో, ఇంటి బరువుతోనో ఇంటర్‌ దగ్గరే చదువు ఆపేసినవాళ్లు మనలో ఎందరో. అలాంటివారి కోసమే 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిసింది. ఇప్పుడది హైదరాబాదు కేంద్రంగా డాక్టర్‌ బి.ఆర్‌. అంబేడ్కర్‌ పేరుతో నడుస్తోంది.

మరి అలా దూరవిద్యలో తెచ్చుకున్న పట్టా ఉద్యోగం తెచ్చిపెడుతుందా? ఇప్పటికే కొలువులో ఉండి, పై పోస్టుకు డిగ్రీ అర్హత అడిగే చోట పనిచేస్తున్నవారికి లాభం ఎక్కువ. గుర్తింపు పొందిన దూరవిద్య డిగ్రీ రెగ్యులర్‌ డిగ్రీతో సమానమని 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) మరోసారి స్పష్టం చేసింది.

కొత్తగా సర్కారు కొలువు కోరేవారికి మాత్రం చాలాచోట్ల వయసే అడ్డు. సివిల్స్‌కు జనరల్‌ అభ్యర్థుల గరిష్ఠ వయసు 32 ఏళ్లే. ప్రైవేటు రంగంలోనైతే పట్టాతో పాటు పనితనం, కంప్యూటర్‌ పరిజ్ఞానం కూడా చూస్తారు.

అందుకే ఫీజు కట్టేముందు మూడు విషయాలు చూసుకోండి: కోర్సుకు యూజీసీ అనుమతి ఉందా, మీరు కోరే ఉద్యోగానికి వయోపరిమితి ఎంత, ఆ పోస్టుకు ఏ సబ్జెక్టు కావాలి? ఈ మూడూ కుదిరితే వెనుకాడకండి, ఈ ఏడాదే చేరండి.