జోహార్ - బతికున్నవాళ్లకు చెప్పే మాట

మనం కూర్చున్నది రాయపూర్‌లో కనుక, జై జోహార్!

నేను ఉపన్యాసకుణ్ణి కాను. ఇరవై నాలుగేళ్లు యూనిఫారం వేసుకున్న మామూలు మనిషిని. రెండు ముక్కలు మాట్లాడమన్నారు. నాకు ఒక్క మాట గురించే తెలుసు, అదే చెబుతాను.

2007లో ఎన్.సి.సి. విధుల మీద ఈ ఊరు వచ్చాను. మా అద్దె ఇంటి వీధి మలుపులో ఒక ముసలమ్మ కూరగాయలు అమ్మేది. అందరూ ఆవిణ్ణి 'దాయి' అనేవారు. ఛత్తీస్‌గఢీలో దాయి అంటే అమ్మ. మొదటిరోజే రెండు చేతులూ జోడించి "జై జోహార్ బేటా" అంది. నిజం చెప్పొద్దూ, నా గుండె ఝల్లుమంది.

మన ఊళ్లలో ఆ మాట ఎక్కడ వింటాం? అమరవీరుల స్తూపం దగ్గర, శవయాత్రలో. గొప్ప పని చేసినవాళ్లకు సభల్లో జోహార్లు అర్పిస్తాం, అది వేరు. దారిలో ఎదురైన మనిషిని మాత్రం జోహార్ అని పలకరించం. మా అమ్మ శ్రీకాకుళం నుంచి వచ్చినప్పుడు ఆ మాట విని, "అదేట్రా, నిక్షేపంలాటి మనిషిని పట్టుకొని జోహారంటాది!" అని నొచ్చుకుంది. నేనూ తల ఊపి వెళ్లిపోయేవాణ్ణే తప్ప, తిరిగి జోహార్ అనలేదు.

మరుసటి ఏడు మా ఊరివాడే, నాతోపాటు భర్తీ అయినవాడు, కాశ్మీరులో వీరమరణం పొందాడు. అంతకు రెండు నెలల ముందు "ఒకసారి ఫోన్ చెయ్యరా, మాట్లాడాలి" అని కబురు పంపాడు. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకున్నాను. చెయ్యలేదు. సెలవు పెట్టి అంత్యక్రియలకు వెళ్లాను. అందరికంటే గట్టిగా "జోహార్" అని అరిచాను. రెండురోజులు గొంతు పోయింది. వాడికి మాత్రం ఒక్కటీ వినపడలేదు.

తిరిగొచ్చిన రోజు దాయి ఎప్పటిలాగే "జై జోహార్" అంది. నా కళ్లనీళ్లు ఆగలేదు. నన్ను కూర్చోబెట్టి, లోటాతో నీళ్లిచ్చి, ఏమైందని అడిగింది. చెప్పాను. ఆవిడ అన్నది మన భాషలో చెబుతున్నాను: "పోయినవాళ్లకు చెప్పండి బాబూ, తప్పులేదు. ఎదురుగా ఉన్నవాడికి చెప్పకుండా దాచుకోవడం ఎందుకు?"

అప్పటినుంచి ఈ మాట గురించి అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టాను. ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్, ఒడిశా ఆదివాసుల్లో జోహార్ రోజువారీ పలకరింపు. సంతాలులు, ముండాలు, హోలు అంటారు. గోండుల్లో 'సేవా జోహార్' అనడం కూడా ఉంది. అంటే, నీకు వందనం అని. మన నిఘంటువులు తిరగేసినా జోహారు అంటే నమస్కారమనే ఉంటుంది. అంటే మాట మనదీనూ. కాలక్రమాన మనం దాన్ని ఎక్కువగా పోయినవాళ్లకే అట్టేపెట్టేశాం.

వీళ్లకు అమరవీరులు లేక కాదు. కరువులో పేదల కోసం వర్తకుడి ధాన్యం పంచిపెట్టిన సోనాఖాన్ జమీందారు వీర్ నారాయణ్ సింగ్‌ను 1857 డిసెంబరు 10న ఈ రాయపూర్‌లోనే ఉరితీశారు. ఆయనకూ జోహార్, కూరగాయల దాయికీ జోహార్.

ఎక్కడో పసిఫిక్ సముద్రంలోని హవాయి దీవుల్లో 'అలోహా' అంటారు. కలిసినప్పుడూ అదే, విడిపోయినప్పుడూ అదే. అందులో ప్రేమ, దయ అన్నీ ఉన్నాయంటారు. అంతదూరం ఎందుకు, మన 'జై హింద్' చూడండి. ఆజాద్ హింద్ ఫౌజులో అన్ని మతాలవాళ్లూ ఒకరినొకరు ఒకే మాటతో పలకరించుకోవాలని పుట్టిన మాట అది. దాన్ని సూచించిన ఘనత మన హైదరాబాదువాడైన ఆబిద్ హసన్‌కు దక్కింది. 1943లో నేతాజీ వెంట జలాంతర్గామిలో ప్రయాణించినవాడాయన. జై హింద్ అని సెల్యూట్ చేసినప్పుడు ఎదుటివాడు తిరిగి చెయ్యకపోతే మనకెలా ఉంటుంది? దాయికి ఏడాదిపాటు నేను చేసింది అదే!

ఆ మర్నాడు నేనే ముందు "జోహార్ దాయి" అన్నాను. ఆవిడ పక్కున నవ్వి, సంచిలో నాలుగు పచ్చిమిరపకాయలు ఎక్కువ వేసింది.

సోదరులారా, ఏటా మనం అమరులకు పూలదండ వేస్తాం. వెయ్యాలి కూడా. కానీ రిటైరై ఇంట్లో ఒంటరిగా కూర్చున్న మన సుబేదారు సాబ్, భర్తను దేశానికిచ్చి పెన్షన్ కాగితాల కోసం తిరుగుతున్న చెల్లెలు, ఫోన్ చెయ్యరా అని కబురంపిన స్నేహితుడు - వీళ్లంతా ఇంకా వినగలరు. ఈ రాత్రి ఇంటికెళ్లి ఒక్కరికైనా ఫోన్ చెయ్యండి. నేను చెయ్యని ఫోన్ మీరు చెయ్యండి.

అందరికీ జోహార్. జై హింద్.