బి.పి. గోలీ - క్యాన్సరు వైద్యం



మనలో చాలామంది పొద్దున్నే వేసుకునే లోసార్టన్ గోలీ క్యాన్సరుకు కూడా పనిచేస్తుందట గదా అని మిత్రులు అడుగుతున్నారు. ఆ మాటకు మూలం ఉన్నది. కొన్ని గడ్డలలో పీచులాంటి పదార్థం పేరుకొని రక్తనాళాలను నొక్కివేస్తుంది. ఎక్కించిన మందు లోపలికి చేరదు. లోసార్టన్ ఆ పీచును తగ్గించి దారి ఇస్తుందని అమెరికాలో, మన దేశంలోనే పుట్టిన రాకేశ్ జైన్ గారి బృందం 2013లో ఎలుకలలో చూపింది. 2019లో 49 మంది పాంక్రియాస్ క్యాన్సరు రోగుల ఫలితాలు వచ్చాయి. ముందు ఆపరేషనుకు వీలుకాదన్న గడ్డలను చాలామందికి తీసివేయగలిగారు. అయితే వారికి కీమోథెరపీ, రేడియేషన్ కూడా ఇచ్చారు. పోల్చి చూడడానికి లోసార్టన్ ఇవ్వని రోగులు అందులో లేరు. మేలు ఏ మందు వల్ల జరిగిందో ఎట్లా చెప్పగలం?

కనుక ఒక గోలీకి రెండు వేసుకోవద్దు. కీమో రోజులలో వాంతులు, విరేచనాలయితే బి.పి. పడిపోవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. అప్పుడు వెంటనే డాక్టరును అడగాలి. అట్లని సొంతంగా మానివేయడమూ తగదు. హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు రిపోర్టుల సంచిలో బి.పి. గోలీల చీటీ కూడా పెట్టుకోండి. సంచి సర్దేది కోడలో మనుమడో అయితే వారికీ చెప్పి ఉంచండి.