తీగను బట్టి ధ్రువం: పాత మిగ్ యంత్రమును గ్యాసుతోను, గ్యాసు లేకుండను వాడుట
(బరంపురంలోని తెలుగు వెల్డింగు పనివారి కొరకు చేసిన ప్రసంగ పాఠం)



నేను వెల్డరును కాను, అనువాదకుణ్ణి. టార్చి పట్టి చేయి తిరిగిన మీకు పని నేర్పే సాహసం చేయను. యంత్రాలతో వచ్చే పుస్తకాలలోను, తీగ పెట్టెలమీదను ఇంగ్లీషులో ఉన్న సంగతులను మన మాటల్లో మీ ముందుంచటమే నేటి నా కర్తవ్యం.

మన గంజాం తీరానికి ఈ విషయం ఎంత ముఖ్యమో మీకు తెలియనిది కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మన జిల్లాను కూడా వదలలేదు. డాబామీది నీళ్ల ట్యాంకు స్టాండు, రేకుల పందిరి, బాల్కనీ కటకటాలు అటువంటి రాత్రి నిలుస్తాయా లేదా అన్నది మీరు వేసిన అతుకు మీద ఆధారపడి ఉంటుంది.

మన షాపుల్లో "సీఓటూ మెషిన్" అని పిలిచే పాత మిగ్ యంత్రాలు చాలామంది చేతికి సెకండ్‌హ్యాండులో వస్తాయి. "ఇది గ్యాసు మెషినా, గ్యాస్‌లెస్ మెషినా?" అన్నది కొనేవారి మొదటి ప్రశ్న. దానికి సమాధానం తీగలో మొదలవుతుంది. యంత్రాన్ని తీగకు తగినట్లు అమర్చాలి.

కరిగిన ఇనుముకు గాలి శత్రువు. గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్ అందులో చేరితే అతుకు నిండా సూదిబెజ్జాలు పడతాయి. ఘన తీగ వాడినప్పుడు సిలిండరులోని కార్బన్ డయాక్సైడు, లేదా ఆర్గాన్ కలిపిన మిశ్రమం, ఆ గాలిని దూరంగా ఉంచుతుంది. గ్యాస్‌లెస్ తీగ సన్నని గొట్టం. దాని కడుపులో ఫ్లక్సు పొడి ఉంటుంది. ఆర్కు వేడికి ఆ పొడి కాలి తన గ్యాసును తానే పుట్టిస్తుంది, పైన స్లాగు దుప్పటి కప్పుతుంది. కనుక "గ్యాస్‌లెస్" అంటే సిలిండరు అక్కరలేనిదని మాత్రమే అర్థం.

పెట్టెమీది అక్షరాలు ఈ భేదాన్ని చెబుతాయి. "ఈఆర్70ఎస్-6"లో "ఎస్" ఘన తీగకు గుర్తు. దీనికి గ్యాసు తప్పనిసరి. "ఈ71టీ-జీఎస్", "ఈ71టీ-11" అన్నవాటిలో "టీ" గొట్టపు తీగకు గుర్తు, ఇవి గ్యాస్‌లెస్. అయితే "టీ" ఉన్న ప్రతి తీగా గ్యాస్‌లెస్ కాదు. "ఈ71టీ-1" గొట్టపు తీగే అయినా దానికి గ్యాసు కావాలి. మరొక మాట: జీఎస్ తీగ ఒకే వరుసకు ఉద్దేశించినది. మందపాటి యాంగిలు మీద వరుసపై వరుస వేయటానికి అది పనికిరాదు.

ఇక ధ్రువాల సంగతి. ఘన తీగకు, గ్యాసుకు టార్చి ప్లస్, క్లాంపు మైనస్. గ్యాస్‌లెస్ తీగకు టార్చి మైనస్, క్లాంపు ప్లస్. ఇక్కడే ఒక మాట మనలను తికమక పెడుతోంది. పనికి తగిలించే క్లాంపును మనమందరం "ఎర్త్" అంటాం. ఎర్త్ ఎప్పుడూ మైనసే కావాలనుకుని, గ్యాస్‌లెస్ తీగ వేసినా దానిని ప్లస్‌కు మార్చటానికి సంకోచిస్తాం. నిజానికి అది కరెంటు తిరిగి వెళ్లే దారి మాత్రమే. యంత్రపు ఒంటికి ఉండే అసలు ఎర్తింగు వేరు. దానిని ఏ తీగ వాడినా కదపరాదు, తొలగించరాదు.

ధ్రువం తప్పితే ఏమవుతుంది? గ్యాస్‌లెస్ తీగ చిటపటలాడి చుట్టూ ముత్యాలు చల్లుతుంది, అతుకు బెజ్జాలు పడుతుంది. అది కంటికి కనిపించే దోషం. ఘన తీగను తప్పు ధ్రువంతో వాడితే లోహం లోనికి దిగక పైన గట్టుకట్టి కూర్చుంటుంది. గ్రైండరు పట్టి రంగు వేస్తే ఆ దోషం కనబడదు. ప్రమాదం అందులోనే ఉంది.

ధ్రువం మార్చే చోటు అన్ని పాత యంత్రాలకూ ఒకటి కాదు. కొన్నింటికి ముందువైపు రెండు సాకెట్లు ఉంటాయి. కొన్నింటికి పక్క తలుపు తెరిస్తే, తీగ చుట్ట దగ్గర, ప్లస్, మైనస్ గుర్తులతో రెండు బోల్టులు ఉంటాయి. కొన్నింటికి మార్చే వీలే ఉండదు. అటువంటి దానిని గ్యాసుకే ఉంచండి. స్విచ్చి ఆపటమే గాక ప్లగ్గు తీసిన తరువాతే చేయి పెట్టండి. నట్లు గట్టిగా బిగించండి. వదులుగా ఉంటే అక్కడే వేడెక్కి కాలుతుంది. లోపలి కవచాన్ని మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉండవచ్చు. అది తెలిసిన ఎలక్ట్రీషియను పని.

తరువాత రోలర్లు. ఘన తీగకు నునుపైన వీ గాడి, గ్యాస్‌లెస్ తీగకు గరుకు పళ్ల గాడి. గొట్టపు తీగను గట్టిగా నొక్కితే చదునై ఇరుక్కుంటుంది. జారకుండా ఉండేంత ఒత్తిడి చాలు. గాడిపై ఉన్న సంఖ్య, టిప్పుపై ఉన్న సంఖ్య, తీగ మందం మూడూ ఒకటే కావాలి: 0.8 అయితే 0.8, 1.2 అయితే 1.2.

గ్యాసు వాడేటప్పుడు పాత గొట్టాలను, జాయింట్లను సబ్బు నీటితో పరీక్షించండి. సిలిండరును నిలువుగా నిలిపి గొలుసు వేయండి. నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు సాధారణంగా సరిపోతుంది. మరీ పెంచితే గ్యాసు సుడి తిరిగి గాలిని లోనికి లాగుతుంది. కార్బన్ డయాక్సైడు గాలికన్న బరువైనది. తలుపులు మూసిన షాపులో అది నేలమీద చేరి ఊపిరి తీయనివ్వదు.

షాపులోపల, పలుచని పనికి గ్యాసు అనుకూలం. డాబాల మీద, సముద్రపు గాలి తగిలే చోట గ్యాసు చెదిరిపోతుంది. అక్కడ గ్యాస్‌లెస్ మేలు. కాని దానికి పొగ ఎక్కువ. జింకు పూత రేకులపై ఆ పొగ జ్వరం తెస్తుంది. పూత గీకి, గాలి వీచే దిక్కుకు వీపు పెట్టక పక్కగా నిలబడి పని చేయండి. స్లాగు వచ్చే తీగతో టార్చిని ముందుకు నెట్టక వెనుకకు లాగండి. మన వానాకాలపు తేమకు గొట్టపు తీగ త్వరగా పాడవుతుంది. పని ముగియగానే చుట్టను తీసి గాలి చొరని సంచిలో కట్టిపెట్టండి.

తీగ మార్చిన ప్రతిసారీ అదే మందం గల తుక్కు ముక్కలు రెండింటిని ఒకవైపే అతికి, వైసులో పట్టి, సుత్తితో విరగగొట్టి లోపల చూడండి. బెజ్జాలున్నా, ముక్క నునుపుగా ఊడివచ్చినా అమరిక తప్పని గ్రహించండి. అతుకు విరిగితే మీ బల్లమీదే విరగాలి.

వీధిన పోయేవారిని కూడా మరువవద్దు. ఆర్కు వెలుగు చూసిన పిల్లవాడికి అప్పుడేమీ తెలియదు. కొన్ని గంటల తరువాత, నడిరాత్రి, కళ్లలో ఇసుక పోసినట్లు బాధ మొదలవుతుంది. రోడ్డువైపు ఒక తెర కట్టటం మన బాధ్యత.

చివరగా ఒక విన్నపం. మన షాపులలో ఉదయం తెలుగువారు, సాయంత్రం ఒడియావారు అదే యంత్రాన్ని పట్టుకుంటారు. యంత్రం తలుపుపై ఒక చీటీ అతికించండి: ఇప్పుడున్న తీగ ఏది, టార్చి ప్లస్సా మైనస్సా. మాటలను తెలుగులోను ఒడియాలోను రాయండి. రెండు గుర్తులనూ పెద్దవిగా వేయండి. తరువాత వచ్చే పనివానికి ఆ చీటీయే మొదటి రక్ష.

సెలవు.