చదువు, కొలువు, నిరీక్షణ: ఆర్థికవేత్త మార్క్ బ్లౌగ్ పరిశోధనా జీవితం

1960వ దశకంలో మన దేశపు పట్టణాలలో రెండు దృశ్యాలు పక్కపక్కనే కనిపించేవి. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల ముందు పట్టాలు చేతబట్టుకొని పేర్లు నమోదు చేయించుకొనే యువకుల వరుస ఒకటి. కళాశాలల ముందు ప్రవేశం కోసం దరఖాస్తులతో నిలిచిన యువకుల వరుస మరొకటి. మొదటి వరుస పెరుగుతున్నా రెండవ వరుస తరగలేదు. పట్టభద్రులకే పని దొరకని చోట పట్టా కోసం ఇంత ఆరాటమెందుకు? పొలం అమ్మి కొడుకును చదివించే తండ్రి లోకజ్ఞానం లేకనే ఆ పని చేస్తున్నాడా?

ఈ ప్రశ్నకు ఆనాడు సమాధానాలు కొరవడలేదు. మన విద్యావిధానం పరప్రభుత్వానికి గుమాస్తాలను సమకూర్చడానికి పుట్టినదని కొందరన్నారు. చదువుకున్న యువకులకు కాయకష్టమంటే చిన్నచూపని మరికొందరన్నారు. వృత్తివిద్య లేకపోవడమే సకల అనర్థాలకు మూలమని ఇంకొందరు నిర్ధారించారు. ఈ మాటలలో కొంత నిజం లేకపోలేదు. అయితే వీటిలో ఏదీ ఆ తండ్రి నిర్ణయాన్ని వివరించలేదు. ఆ నిర్ణయాన్ని తేలికగా కొట్టిపారవేయక, దాని వెనుక ఉన్న లెక్క ఏమిటని వెదకిన ఆర్థికవేత్తలలో మార్క్ బ్లౌగ్ ముఖ్యులు. విద్యకూ ఉద్యోగానికీ మధ్యనున్న సంబంధాన్ని శోధించడంలో రెండు దశాబ్దాలకు పైగా గడిపిన ఆయన జీవితం మన దేశ చరిత్రతో ఒక కీలకమైన ఘట్టంలో ముడిపడి ఉన్నది.

బ్లౌగ్ 1927లో హాలెండులోని హేగ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. నాజీల దురాక్రమణ కారణంగా ఆ కుటుంబం ముందు ఇంగ్లండుకు, అక్కడినుండి అమెరికాకు తరలిపోయింది. న్యూయార్కులో విద్యాభ్యాసం సాగించిన బ్లౌగ్ యౌవనంలో మార్క్సిజంపట్ల ఆకర్షితులై, కొంతకాలానికి దానికి దూరమయ్యారు. 1950వ దశకపు ఆరంభంలో అమెరికాలో కమ్యూనిస్టు వ్యతిరేక విచారణలు ముమ్మరంగా సాగుతున్నప్పుడు, ఆయన ఒక కళాశాలలో అధ్యాపకులుగా ఉండేవారు. విచారణ సంఘానికి సహకరించ నిరాకరించినందుకు పదవి కోల్పోయిన ఒక ఆచార్యురాలికి మద్దతుగా విద్యార్థులు తయారుచేసిన విజ్ఞప్తిని సమర్థించినందుకు ఆయన సైతం ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. చదువు ఉన్నంతమాత్రాన కొలువు నిలవదన్న సంగతి ఈ విధంగా ఆయనకు స్వానుభవంలోకి వచ్చింది.

అటుపిమ్మట ఒక పరిశోధక వేతనం లభించడంతో ఆయన లండన్ చేరి, డేవిడ్ రికార్డో ఆర్థిక సిద్ధాంతాలపై పరిశోధన సాగించి, 1955లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. యేల్ విశ్వవిద్యాలయంలో బోధిస్తూ ఆర్థికశాస్త్ర సిద్ధాంతాల చరిత్రపై 1962లో వెలువరించిన బృహద్గ్రంథం ఆయనకు ప్రపంచఖ్యాతిని తెచ్చిపెట్టింది. అయినా 1963లో లండన్ విశ్వవిద్యాలయపు విద్యాశాస్త్ర సంస్థలో చేరిన నాటినుండి ఆయన దృష్టి కొత్త రంగం మీదికి మరలింది. అదే విద్యా ఆర్థికశాస్త్రం.

ఆ రంగం అప్పుడప్పుడే మొలకెత్తుతున్నది. విద్యపై పెట్టే వ్యయాన్ని వినియోగంగా గాక పెట్టుబడిగా పరిగణించాలని థియొడోర్ షుల్జ్ 1960లో ప్రతిపాదించారు. గేరీ బెకర్ 1964లో ప్రచురించిన గ్రంథం ‘మానవ మూలధనం’ అనే భావనకు శాస్త్రీయ రూపమిచ్చింది. రైతు బావి తవ్వించేటప్పుడు ఖర్చును, రాబోయే పంటను బేరీజు వేసుకొన్నట్లే, కుటుంబం కూడ చదువుకయ్యే ఖర్చును, చదివే కాలంలో కోల్పోయే సంపాదనను, తరువాత లభించే అధిక వేతనాన్ని బేరీజు వేసుకొంటుందని ఈ సిద్ధాంతం చెపుతుంది. ఆ లెక్కలో తేలేదే ప్రతిఫల రేటు. కుటుంబం భరించే ఖర్చును మాత్రమే తీసుకొంటే అది వ్యక్తిగత ప్రతిఫలం. ప్రభుత్వం భరించే ఖర్చును కూడ కలుపుకొంటే అది సామాజిక ప్రతిఫలం. బ్లౌగ్ మొదట ఈ పద్ధతిని బ్రిటన్‌కు అన్వయించి, 1965లో ఆ ఫలితాలను ప్రకటించారు.

అదేకాలంలో ప్రణాళికాకర్తలు అనుసరిస్తున్న మార్గం వేరు. ఇరవై ఏళ్ళకు దేశానికి ఎందరు ఇంజనీర్లు, ఎందరు వైద్యులు, ఎందరు పట్టభద్రులు కావాలో ముందుగా అంచనా వేసి, అందుకు తగినట్లు కళాశాలలలో స్థానాలు ఏర్పరచడమే ఆ మార్గం. దీనినే మానవశక్తి ప్రణాళిక అన్నారు. మన దేశంలో ఇందుకోసం 1962లో అనువర్తిత మానవశక్తి పరిశోధనా సంస్థ నెలకొన్నది. డి.ఎస్. కొఠారీ అధ్యక్షతన 1964లో ఏర్పడి 1966లో నివేదిక సమర్పించిన విద్యా కమిషన్ సైతం ఇట్టి అంచనాలకు ప్రాముఖ్యమిచ్చింది. బ్లౌగ్ ఈ పద్ధతిని తీవ్రంగా విమర్శించారు. ఒకే పనిని వేర్వేరు చదువులు చదివినవారు చేయగలరనీ, సాంకేతిక పరిజ్ఞానంతోపాటు పనుల స్వభావం మారుతుందనీ, చదువుకయ్యే ఖర్చును లెక్కలోకి తీసుకోని అంచనా అసంపూర్ణమనీ ఆయన వాదన.

ఈ నేపథ్యంలోనే ఆయన రిచర్డ్ లేయర్డ్, మారీన్ ఉడ్‌హాల్‌లతో కలిసి మన దేశ సమస్యను అధ్యయనం చేశారు. ‘భారతదేశంలో పట్టభద్రుల నిరుద్యోగానికి కారణాలు’ అనే అర్థం గల శీర్షికతో ఆ గ్రంథం 1969లో వెలువడింది. 1967 నాటికి దేశంలో సుమారు అయిదు లక్షలమంది విద్యావంతులు నిరుద్యోగులుగా ఉన్నారని ఆ గ్రంథకర్తల అంచనా. ఇది ఆకస్మికంగా వచ్చిపడిన ఉపద్రవం కాదనీ, చాలాకాలంగా కొనసాగుతున్న పరిస్థితి అనీ వారు గుర్తించారు.

వారి పరిశీలనలో బయటపడిన ముఖ్యాంశం ఒకటున్నది. విద్యావంతుని నిరుద్యోగం జీవితకాలపు నిరుద్యోగం కాదు. అది మొదటి ఉద్యోగం కోసం చేసే నిరీక్షణ. మెట్రిక్యులేషన్ చదివినవాడు సగటున సుమారు ఏడాదిన్నర వేచి ఉండవలసి వస్తే, పట్టభద్రుడు సుమారు ఆరునెలలు వేచి ఉంటే సరిపోయేది. పట్టభద్రుడు ముందు అధికారి ఉద్యోగానికి ప్రయత్నిస్తాడు. అది దొరకకపోతే గుమాస్తా ఉద్యోగానికి దిగివస్తాడు. ఆ గుమాస్తా ఉద్యోగం కోసమే వేచి ఉన్న మెట్రిక్యులేట్ మరింత వెనుకకు నెట్టబడతాడు. పట్టభద్రులు విరివిగా లభిస్తున్నారు గనుక, నిన్నటివరకు మెట్రిక్యులేషన్ చాలునన్న ఉద్యోగానికి నేడు పట్టా కావాలని యజమాని కోరతాడు. ఇది చూచిన తండ్రి, కుమారుడు మెట్రిక్యులేషన్‌తో ఆగితే మరింత నష్టమని తలచి కళాశాలకు పంపుతాడు. నిరుద్యోగం చదువును తగ్గించకపోగా పెంచుతున్నదన్నమాట! ఆ తండ్రి అవివేకి కాడు. తన పరిస్థితిలో తాను చేయగలిగిన సరైన లెక్కే చేస్తున్నాడు.

మరి దోషమెక్కడున్నది? ఖర్చును పంచుకొనే తీరులో ఉన్నదని ఆ గ్రంథం చెప్పింది. కళాశాల విద్యకయ్యే వ్యయంలో పెద్దభాగం ప్రభుత్వమే భరించడంవల్ల కుటుంబానికి లాభసాటిగా తోచిన చదువు, సమాజానికి అంత లాభం కలిగించడం లేదు. సామాజిక ప్రతిఫలాన్ని లెక్కించినప్పుడు ప్రాథమిక విద్యపై పెట్టుబడి కళాశాల విద్యకన్న మేలని తేలింది. 1961 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యులు 28 శాతం మాత్రమే. పల్లెలో పలకా బలపం ఎరుగని బిడ్డకు చెందవలసిన ధనం, పట్టణంలో పట్టా కోసం వ్యయమవుతున్నదన్నది ఈ లెక్క వెనుకనున్న కఠిన సత్యం. అందువల్ల కళాశాల విద్య విస్తరణ వేగాన్ని తగ్గించి, ఆ నిధులను ప్రాథమిక విద్యకు మళ్ళించడం శ్రేయస్కరమని గ్రంథకర్తలు అభిప్రాయపడ్డారు.

ఈ సూచనకు అభ్యంతరాలు లేకపోలేదు. కళాశాల తలుపులు అందరికీ తెరచుకోకముందే విస్తరణను తగ్గిస్తే, తమ వంశంలో మొదటిసారి చదువుకు వస్తున్న హరిజన, గిరిజన, శ్రామిక కుటుంబాల పిల్లలే బయట మిగిలిపోతారన్నది వాటిలో ప్రధానమైనది. వేతనంలో కనిపించే ఫలితాన్ని మాత్రమే తూచే ప్రతిఫల రేటు, చదువుకొన్న తల్లి ఇంట కలిగే ఆరోగ్యాన్ని, చదువుకొన్న పౌరుని వల్ల గ్రామానికి కలిగే ధైర్యాన్ని తూచలేదు. ఈ అభ్యంతరాలు బలమైనవే. అయితే ప్రాథమిక పాఠశాల దాటని బిడ్డకు ఉచిత కళాశాల విద్యవల్ల ఒరిగేదేమిటన్న ప్రశ్న కూడ అంతే బలమైనది.

ఇది కేవలం పండితుల చర్చ కాదు. ఆ గ్రంథం వెలువడిన 1969లోనే తెలంగాణలో విద్యార్థులు వీధులకెక్కారు. స్థానికులకు దక్కవలసిన ఉద్యోగాలు దక్కడంలేదన్నది ఆ ఉద్యమానికి దారితీసిన ఆవేదనలలో ముఖ్యమైనది. ఆ గ్రంథానికీ ఈ ఉద్యమానికీ ప్రత్యక్ష సంబంధమేదీ లేదు. కాని సర్కారు కొలువు తప్ప వేరు గమ్యం కనిపించని చోట, ఆ కొద్దిపాటి కొలువుల పంపకం ప్రాంతానికీ ప్రాంతానికీ మధ్య ఎంతటి అగాధాన్ని సృష్టించగలదో తెలుగువారు స్వయంగా చూచారు. పొరుగున ఉన్న శ్రీలంకలో 1971 ఏప్రిల్‌లో చెలరేగిన తిరుగుబాటులో చదువుకొని పనిలేని గ్రామీణ యువకులు పెద్దసంఖ్యలో పాల్గొన్నారు. అదే ఏడాది అంతర్జాతీయ కార్మిక సంస్థ పంపిన డడ్లీ సీర్స్ బృందం, యువకుల ఆశలకూ దేశంలో ఉన్న అవకాశాలకూ పొంతన కుదరకపోవడమే ఆ దేశపు ప్రధాన సమస్య అని గుర్తించింది. చదువుకూ పనికీ గల లంకె తెగినప్పుడు జాతి సమైక్యత సైతం బీటలువారుతుందని ఈ రెండు అనుభవాలూ బోధిస్తున్నాయి.

బ్లౌగ్ జీవితంలో అన్నిటికన్న గౌరవింపదగిన ఘట్టం ఆ తరువాతిది. తాను ఎవరికన్న ఎక్కువగా ప్రచారంలోకి తెచ్చిన సిద్ధాంతాన్నే ఆయన శంకింపసాగారు. చదువు మనిషి సామర్థ్యాన్ని పెంచుతున్నదా, లేక ముందే ఉన్న సామర్థ్యాన్ని యజమానికి చూపే ముద్రగా మాత్రమే పనిచేస్తున్నదా అనే ప్రశ్నను 1973లో మైకేల్ స్పెన్స్, కెన్నెత్ ఆరో వేర్వేరు పరిశోధనలలో లేవదీశారు. చదివినవానికి అధిక వేతనం లభిస్తున్నదన్న ఒకే వాస్తవానికి ఈ రెండు వివరణలూ సరిపోతాయి. 1976లో మానవ మూలధన సిద్ధాంతంపై సమీక్ష ప్రచురిస్తూ, ఆ సిద్ధాంతపు అంచనాలు వాస్తవాల పరీక్షకు ఆశించినంతగా నిలువలేదని బ్లౌగ్ నిర్మొహమాటంగా చెప్పారు. యజమానులు పాఠ్యాంశాల జ్ఞానంకన్న వేళకు రావడం, చెప్పిన పని పూర్తిచేయడం, నలుగురితో కలిసి మెలగడం వంటి గుణాలకే ఎక్కువ విలువనిస్తారనీ, పాఠశాల నేర్పేది అధికంగా వాటినేననీ ఆయన తరువాతి రచనలలో వివరించారు. శాస్త్రజ్ఞుడు తన సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికి గాక పరీక్షించడానికి వాస్తవాలను వెదకాలన్న పట్టుదలే 1980లో వెలువడిన ఆయన ఆర్థికశాస్త్ర పద్ధతుల గ్రంథానికి ప్రాణం. 1984లో లండన్ సంస్థను వీడిన బ్లౌగ్, 2011లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో కన్నుమూశారు.

ఆయన లేవదీసిన ప్రశ్నలు మాత్రం సజీవంగా ఉన్నాయి. మన దేశం 2002లో రాజ్యాంగాన్ని సవరించి 6 నుండి 14 ఏళ్ళ బాలబాలికల విద్యను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2010 ఏప్రిల్ 1 నుండి అందుకు తగిన చట్టం అమలులోకి వచ్చింది. మానవశక్తి అంచనాలకు నిలయమైన ప్రణాళికా సంఘం స్థానంలో 2015లో నీతి ఆయోగ్ ఏర్పడింది. అయినా 2017–18 నుండి జరుగుతున్న శ్రామికశక్తి సర్వేలలో నిరక్షరాస్యులకన్న విద్యావంతులలోనే నిరుద్యోగ రేటు ఎక్కువగా కనిపిస్తున్నది. కటిక పేదవాడు పనిలేకుండా ఒక్కరోజైనా ఉండలేడు. నిరీక్షించగలగడానికి సైతం ఇంట కాస్త ఆసరా ఉండాలి. పరీక్షల ప్రకటన కోసం నగరాలలో గదులు అద్దెకు తీసుకొని ఏళ్ళతరబడి పుస్తకాలతో కుస్తీ పట్టే నేటి యువకుల నిరీక్షణ, బ్లౌగ్ లెక్కించిన ఆరునెలలను ఎన్నడో దాటిపోయింది.

ఈ యువకులను సోమరులని నిందించడం సులభం. వారి తల్లిదండ్రులకు లోకం తెలియదనడం అంతకన్న సులభం. వారి ముందున్న దారులు ఎన్ని, ఒక్కొక్క దారికి అయ్యే ఖర్చు ఎంత, ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారు, ఎవరి బిడ్డ అసలు దారిదాకానే రాలేదు అని ఓర్పుతో లెక్కవేయడం కష్టం. బ్లౌగ్ చేసిన పని అదే. ఆయన చెప్పిన పరిష్కారాలన్నిటినీ అంగీకరించవలసిన అవసరం లేదు. తమ పరిష్కారాలను ఆయనే తిరిగి ప్రశ్నించుకొన్నారు. కాని పొలం అమ్మి చదివించే తండ్రి లెక్కను గౌరవించి, ఆ లెక్క తప్పకుండా చూడవలసిన బాధ్యత సమాజానిదని గుర్తించడం, ఏ విద్యా ప్రణాళికకైనా మొదటి మెట్టు.