గుండెరోగికి చెప్పని మాట

నేను వైద్యుడను గాను, లెక్కలు వ్రాసుకొనువాడను. కాని లెక్కలు వ్రాయువాని కంటికి ఖాళీగానున్న గడి త్వరగా కనబడును.

రెండేండ్ల క్రిందట మా అన్నగారికి గుండెపోటు వచ్చినది. పట్నములో స్టెంటు వేసి పంపిరి. ఇంటికి తెచ్చిన కాగితమున మాత్రలు, ఉప్పు తగ్గించుట, నడక, మరల రావలసిన తేదీ, అన్నియు నున్నవి. ఫ్లూ టీకా మాట మాత్రము లేదు. నేనడుగగా గుండె వైద్యులు "అది మీ ఊరి డాక్టరుగారు చూచుకొందురు" అనిరి. ఊరి డాక్టరుగారు "గుండెరోగికి నేనెట్లు చెప్పుదును? పెద్ద డాక్టరుగారినే అడుగుడు" అనిరి. నర్సమ్మను అడిగితిని. "నేనే వేయించుకోలేదండీ" అని నవ్వినది. నిజము చెప్పినది గనుక ఆమెపై నాకు కోపము లేదు. కాగితము ఒక బల్లనుండి మరియొక బల్లకు తిరుగుట నేనెరుగని వింత గాదు.

జలుబు జ్వరమునకును గుండెకును సంబంధమేమని మీరడుగవచ్చును. ఫ్లూ సోకినపుడు ఒడలెల్ల వాపుగుణము హెచ్చును, నెత్తురు గడ్డకట్టు స్వభావము పెరుగును, గుండెకు పని యెక్కువగును. ఇదివరకే పూడిన నాళమునకు అది చాలును. కెనడా దేశమున ఆంటేరియో రాష్ట్రపు లెక్కలు 2018లో వెలువడినవి. ఫ్లూ నిర్ధారణయైన మొదటి వారమున గుండెపోట్లు తక్కిన కాలముకన్న ఆరు రెట్లు కనబడినవి.

2021లో మరియొక పరిశోధన ప్రకటింపబడినది. బంగ్లాదేశముతో గూడ ఎనిమిది దేశములలో, ఇంచుమించు అందరును గుండెపోటుతో ఆసుపత్రి చేరిన 2,500 మందికి పైగా రోగులలో, సగము మందికి టీకాయును, సగము మందికి వట్టి ఉప్పునీటి సూదియు వేసిరి. ఏడాదిలో ఉప్పునీటివారిలో నూటికి సుమారు 5 గురును, టీకావారిలో సుమారు 3 గురును మరణించిరి. గుండె నీరసించినవారిపై 2022లో వెలువడిన పరిశోధనలో మాత్రము ముఖ్యఫలితము తేలలేదు. న్యుమోనియాయు, ఆసుపత్రి చేరికలును తగ్గినవి. రాని మొత్తమును వచ్చినట్లు వ్రాయుట నాకు చేతగాదు గనుక ఇదియు చెప్పుచున్నాను.

మరి ఏల చెప్పరు? కొందరికి తీరికలేదు. కొందరికి, సూది తరువాత జ్వరము వచ్చినచో నింద తమపై బడునను భయము. తాము వేయించుకొనని సిబ్బంది ఇతరులకు చెప్పుటకు జంకుదురని పెక్కు దేశముల పరిశీలనలలో తేలినది. మన దేశమున పెద్దలకు ఈ టీకా ప్రభుత్వపు సార్వత్రిక టీకాల కార్యక్రమములో లేదు, కొనుక్కొనవలసినదే. పిల్లల టీకాలవలె ఇంటికి వచ్చి పిలుచువారు లేరు. వైద్యుని నోటిమాట యొక్కటే దిక్కు. చరకుడు చికిత్సకు వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అని నాలుగు పాదములు చెప్పినాడు. ఇక్కడ ఔషధమున్నది, రోగియున్నాడు. తక్కిన రెండు పాదములును ఒకదానినొకటి చూచుకొనుచున్నవి.

తుదకు అన్నగారు వానకాలమునకు ముందు టీకా వేయించుకొనిరి. ఒకరోజు చేయి నొచ్చినది, అంతే. ఈ టీకా ఏటేట వేయించుకొనవలసినది గనుక, ఆసుపత్రి కాగితముపై మాత్రల క్రింద "ఫ్లూ టీకా, ప్రతి సంవత్సరము" అని నా చేతితో వ్రాసితిని. మరుసారి గుండె వైద్యులు అది చూచి, ఎవరు వ్రాసిరని అడిగిరి. నేనే అంటిని. ఆయన కొంతసేపు ఊరకుండి, కలము తీసి ఆ పంక్తి క్రింద సంతకము చేసిరి.