విద్యుత్ కారా, హైబ్రిడ్ కారా?

ఉద్దానమున కారు కొనదలచిన గృహస్థునకు నేడొక సందేహము కలుగుచున్నది. కేవలము విద్యుత్తుతో నడచు కారు కొనవలెనా, లేక పెట్రోలును విద్యుత్తును కలిపి వాడుకొను హైబ్రిడ్ కారు కొనవలెనా? జీడిపప్పు వర్తకము చేయు మా మిత్రులొకరు ఈ సందేహముతోనే ఇటీవల మా యింటికి వచ్చిరి. వారిది సముద్రతీరమున తోటల నడుమ నున్న గ్రామము. వారి తల్లిగారిని వారమునకు మూడుమారులు డయాలసిస్ కొరకు పలాసకు తీసికొనిపోవలెను. రానుపోను 40 కిలోమీటర్లు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైన పిదప దూరపు ప్రయాణములు తగ్గినవి గాని, వాహనపు అవసరము తీరలేదు. వారికి మేము చెప్పిన మాటలనే శ్రోతలకును మనవి చేయుచున్నాము.

ముందుగా రెండింటి భేదమును గ్రహింతము. విద్యుత్ కారునకు బ్యాటరీయే ప్రాణము. రాత్రివేళ ఇంటి ప్లగ్గునుండి దానిని నింపుకొనవచ్చును. సాధారణమైన హైబ్రిడ్ కారునకు ప్లగ్గు లేదు. బ్రేకు వేసినపుడు వృథాగా పోవు శక్తిని అది చిన్న బ్యాటరీలో దాచుకొని, మరల కదలునపుడు వాడుకొనును. 1997లో జపానులో టయోటా వారి ప్రియస్ కారుతో ఈ పద్ధతి ప్రసిద్ధికెక్కినది. పెట్రోలు ఖర్చు తగ్గునే గాని, దానికి ఆహారము పెట్రోలే.

ఇక ఖర్చు మాట. చిన్న విద్యుత్ కారు 100 కిలోమీటర్లు నడచుటకు సుమారు 15 యూనిట్లు కావలెను. యూనిటు 10 రూపాయలనుకొన్నను 150 రూపాయలు. హైబ్రిడ్ కారు లీటరునకు 20 కిలోమీటర్లు నడచిననూ, అంత దూరమునకు 5 లీటర్లు పట్టును. నేటి ధరలో 500 రూపాయలు దాటును. అయితే పలాస నుండి టెక్కలి, శ్రీకాకుళముల మీదుగా విశాఖపట్టణము పోయి వచ్చుటకు 350 కిలోమీటర్లకు పైగా ఉన్నది. చిన్న బ్యాటరీ ఒక్కమారు నింపినంత మాత్రమున ఆ దూరము రాదు. దారిలో ఆగి నింపుకొనక తప్పదు.

మా మిత్రుల భయము ఖర్చును గూర్చి కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలినవి. విద్యుత్ స్తంభములు విరిగినవి. పెక్కు గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండినవి. "కరెంటు లేనినాడు అమ్మను ఆసుపత్రికి ఎట్లు తీసికొనిపోవుదును?" అని వారు అడిగిరి.

దీనికిని లెక్క కలదు. నిండు బ్యాటరీ 200 కిలోమీటర్లు నడచినచో ఐదు ప్రయాణములు సాగును. అనగా సుమారు పది దినములు. హైబ్రిడ్ కారులో 40 లీటర్ల టాంకు నిండియున్నచో ఇరువది ప్రయాణములు సాగును. కాని టాంకు ఖాళీగా నున్న హైబ్రిడ్ కారు తుపానునాడు ఎందులకు? బంకులో పెట్రోలు తోడుటకును కరెంటే కావలెను గదా! తుపాను హెచ్చరిక ముందుగానే వచ్చును. అది వినినంతనే ఏ కారునైనను నింపి యుంచుట గృహస్థుని ధర్మము. చెట్టు అడ్డముగా పడిన దారి మాత్రము రెండింటికిని ఒక్కటే.

మా మిత్రులకు సొంత ఆవరణ యున్నది. విశాఖకు నెలకొక్కమారు పోవుదురు, అందులకు రైలున్నది. కనుక వారికి విద్యుత్ కారునే సూచించితిమి. ఇంటి వైరింగును, ఎర్తును ముందుగా పరీక్ష చేయించుమనియు, బ్యాటరీ హామీ ఎన్ని యేండ్లో వ్రాతమూలముగా తీసికొనుమనియు చెప్పితిమి. ఇంట ప్లగ్గు వసతి లేనివారికిని, వారమున పలుమార్లు దూరము పోవువారికిని, ఆసుపత్రి మిక్కిలి దూరమైనవారికిని హైబ్రిడ్ కారే మేలు.

కారు కొనబోవువారు సుఖముగా సాగు దినములను మాత్రమే లెక్కింపరాదు. తమ యింట మిక్కిలి కష్టమైన వారమును తలచుకొని, ఆ వారమున ఏ కారు తమవారిని గమ్యము చేర్చునో, దానినే ఎన్నుకొందురు గాక.